ఫ్యాను ఆపి చదివిన కెమిస్ట్రీ

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. 1999లో ఇంటర్ ఎంపీసీలో చేరితే అక్కడ అంతా ఇంగ్లీషు. మొదటి కెమిస్ట్రీ టెస్టులో నాకు 25కి 4 వచ్చాయి. మార్కుల సంగతి అలా ఉంచితే, నా పేపర్లోని ఒక వాక్యాన్ని సార్ క్లాసులో పైకి చదివారు. "ఒక నీటి ఆటమ్‌లో మూడు మాలిక్యూల్స్ ఉంటాయి" అని ఇంగ్లీషులో రాశాను. వెనక బెంచీ దాకా నవ్వులే.

ఆటమ్ బాంబును మనం అణుబాంబు అంటాం కదా, కాబట్టి ఆటమ్ అంటే అణువు అని నా లెక్క. ఇక మిగిలిన మాలిక్యూల్ పరమాణువు అయ్యుండాలి. మా తెలుగు పుస్తకం మాత్రం సరిగ్గానే చెప్పింది: ఆటమ్ పరమాణువు, అవి కొన్ని కలిస్తే అణువు. పేపర్లవాళ్లు బాంబుకు పెట్టిన పేరు నా కొంప ముంచింది. వాల్యూమ్ అన్నా అంతే, రేడియో బొత్తాం గుర్తొచ్చేది గానీ ఘనపరిమాణం గుర్తొచ్చేది కాదు.

అసలు గండం మోల్ దగ్గర వచ్చింది. 6.022 ఇంటూ పది టు ద పవర్ 23 అని సార్ బోర్డు మీద రాసి, దీన్నే ఒక మోల్ అంటారు అన్నారు. 12 అయితే డజను, ఇన్నయితే మోల్, అంతేనట. సరే, డజను అరటిపళ్లు లెక్కపెట్టగలను. వీటిని ఎవడు లెక్కపెట్టాడు? అడిగే ధైర్యం లేదు, అప్పటికే ఒకసారి క్లాసంతా నవ్వారు.

దసరా సెలవులకు ఇంటికెళ్లాను. తెనాలి దగ్గర పల్లె మాది, నాన్నది కంసాలి పని. ముందు గదిలో కుంపటి, ఊదుగొట్టం, నాలుగు మూసలు, గీటురాయి, గాజు పెట్టెలో చిన్న త్రాసు. తూచే ముందు నాన్న అనే మాట ఒకటే: "ఫ్యాను ఆపరా." ఎండాకాలమైనా అంతే. ఫ్యాను ఆగాక కూడా ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. కంసాలి తూకం మీద ఊరికి ఎప్పుడూ ఓ అనుమానం ఉంటుంది, అందుకని మనిషి ఎదురుగా లేకుండా తూచేవాడే కాదు.

ఆ రోజు నల్లపూసల సంచి ఒకటి వచ్చింది. ఎన్ని పూసలున్నాయో చూడమన్నాడు. నేను పళ్లెంలో పోసుకుని ఒకటీ రెండూ అని మొదలుపెట్టాను. నాన్న నవ్వి, వంద మాత్రం లెక్కపెట్టించి తూచాడు. 2 గ్రాములు. సంచిలో సరుకంతా తూచాడు. 36 గ్రాములు. "అయితే 1800. దీనికి పొద్దంతా కూర్చుంటావా?"

నేను పళ్లెం అక్కడే వదిలేసి పుస్తకం తెచ్చుకున్నాను. మోల్ అంటే ఇదే కదా! లెక్కపెట్టలేనంత చిన్నవైతే తూచి లెక్క తేలుస్తాం. 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులో 197 గ్రాముల బంగారంలోనూ దాదాపు అన్నే. పూస బరువు వేరు, అందుకే సంచి బరువు వేరు. కాసు అంటే మాకు 8 గ్రాములు. 8ని 197తో భాగించి ఆ పెద్ద అంకెతో గుణించాను. కాసు మేలిమి బంగారంలో సుమారు 24 కోట్ల కోట్ల కోట్ల పరమాణువులు. గొప్పగా వెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన ఆకురాయి ఆపకుండానే అడిగాడు: "అందులో తరుగు ఎన్ని పోతాయిరా?"

పీరియాడిక్ టేబుల్, అంటే మూలకాల పట్టిక, చార్టు కొనుక్కుని హాస్టల్లో మంచం పక్కన అంటించుకున్నాను. బట్టీ పట్టే వాక్యాలు సీనియర్లు బోలెడు చెప్పారు, కొన్ని బయట చెప్పుకోదగ్గవి కావు. నాకు అవేవీ పనికిరాలేదు. ఒకరోజు మాత్రం చార్టు చూస్తూ లేచి కూర్చున్నాను. 29 రాగి, దాని కింద 47 వెండి, దాని కింద 79 బంగారం. మా ముందు గదిలో ఉండే సరుకంతా ఒకే నిలువు వరసలో ఉంది! ఆ వరస పట్టుకుని అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. బంగారం పక్కిల్లు పాదరసం. వెండి గుర్తు ఏజీ ఎందుకయిందంటే లాటిన్‌లో దాని పేరు అర్జెంటమ్ కాబట్టి. బంగారం ఆరమ్, అందుకే ఏయూ. పేర్లకూ గుర్తులకూ పొంతన లేదని తిట్టుకున్నవన్నీ ఇలా ఒక్కొక్కటిగా విడిపోయాయి.

ఆ పట్టిక వేసిన రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ గురించి సార్ చెప్పినవాటిలో నాన్నకి బాగా నచ్చిన కథ ఒకటుంది. 1869లో మెండలీవ్ పట్టిక వేసేనాటికి తెలిసిన మూలకాలు 63. ఇప్పుడు 118. ఇంకా దొరకని వాటికోసం ఆయన గళ్లు ఖాళీగా వదిలి, ఏక అల్యూమినియం, ఏక సిలికాన్ అని పేర్లు కూడా పెట్టాడు. ఆ 'ఏక' మన సంస్కృతం 'ఏక'నే. 1875లో ఫ్రాన్స్‌లో బ్వాబోద్రాన్ గేలియం కనిపెట్టి సాంద్రత 4.7 అని తేల్చాడు. అది తప్పు, 5.9 దాకా ఉండాలి అన్నాడు మెండలీవ్. ఆయన ఆ లోహాన్ని కంటితో కూడా చూడలేదు. ఫ్రాన్స్ ఆయన సరుకును ఇంకా శుద్ధి చేసి మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది. "సరుకు చూడకుండానే తూకం తప్పని పట్టేశాడా!" అని నాన్న ఆ మాట వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

ల్యాబులోకి వచ్చేసరికి నేను కాస్త మొనగాణ్ణి అనుకున్నాను. గాజు పెట్టె త్రాసంటే నాకు టెన్షన్ లేదు, తలుపులు మూసి తూచమని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దెబ్బ టైట్రేషన్‌లో తగిలింది, అంటే ఒక ద్రావణం ఎంత పోస్తే ఇంకోదానికి సరిపోతుందో కొలిచే ప్రయోగంలో. పిపెట్ అనే గాజు గొట్టంతో ఒక ద్రావణం 20 మిల్లీలీటర్లు తీసి కుప్పెలో పోసి, రంగు చూపించే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ అనే గీతల గొట్టం నుంచి రెండో ద్రావణం చుక్క చుక్కగా వదలాలి. లేత గులాబీ రంగు వచ్చి నిలబడితే ఆపాలి. అందరికీ 20 దగ్గర వస్తే నాకు 20.8, తర్వాత 21.1, తర్వాత 20.6. రెండు రీడింగులు కలిస్తే ఒట్టు.

ల్యాబ్ అటెండర్ కాసేపు నా వెనక నిలబడి చూసి రెండు తప్పులు పట్టాడు. బ్యూరెట్‌నీ పిపెట్‌నీ వాటిలో పోసే ద్రావణంతోనే కడగాలి, శంఖాకార కుప్పెను మాత్రం ఉత్త నీళ్లతో కడగాలి. నేను శుభ్రం ఎక్కువై కుప్పెను కూడా ద్రావణంతోనే తొలిచాను. గోడకు అంటుకున్నది లెక్కలోకి వచ్చేసింది. రెండోది విన్నాక నాకే నవ్వొచ్చింది. పిపెట్ కొసన మిగిలే ఆఖరి చుక్కను ఊదకూడదు, అది మిగులుతుందని లెక్కవేసే గీత గీస్తారు. చిన్నప్పటి నుంచి ఊదుగొట్టం ఊదిన నోరు కదా, ఉఫ్ అని ఊదేస్తున్నాను. అదీ ఒకసారి ఊదడం, ఒకసారి మర్చిపోవడం. (అప్పట్లో పిపెట్ నోటితోనే పీల్చేవాళ్లం, ఇప్పుడు ఎవరూ అలా చేయకండి.)

మర్నాటికి 20.1, 20.1 వచ్చాయి. పక్కవాడు సగటు తీసి 20.1333 అని రాస్తే సార్ కొట్టేశారు. బ్యూరెట్ మీద ఉన్న అతి చిన్న గీత 0.1 అయితే ఆ తర్వాతి మూడు అంకెలు నీకు ఎవరిచ్చారు అని అడిగారు. నాకు ఇంట్లో విన్నట్టే అనిపించింది.

సెకండియర్ ప్రాక్టికల్స్‌లో 30కి 28 వచ్చాయి. ఇచ్చిన లవణం ఏదో కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్‌లో బోరాక్స్ పూస పరీక్షకు ఇచ్చిన తెల్లపొడి మా ఇంట్లో బంగారం అతకడానికి వాడే వెలిగారమే.

పరీక్షలయ్యాక ఇంటికొచ్చేసరికి నాన్న పాత వెండి ముక్కలను నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, నీళ్లు కలిపి, అందులో రాగి రేకు వేలాడదీశాడు. రేకు మీద వెండి బూడిదరంగు నురుగులా దిగుతోంది, నీళ్లు నీలంగా మారుతున్నాయి. కాగితం తీసి లెక్క వేశాను. ఒక రాగి పరమాణువు కరిగితే రెండు వెండి పరమాణువులు దిగుతాయి, అంటే 63.5 గ్రాముల రాగి కరిగితే 216 గ్రాముల వెండి దిగాలి. నాన్న వేసింది 12 గ్రాముల వెండి. అంటే రేకు మూడున్నర గ్రాములు తగ్గాలి. ముందే తూచి ఉంచమన్నాను.

సాయంత్రం వెండిని దులిపి, రేకు కడిగి ఆరబెట్టి, ఫ్యాను ఆపి తూచాం. 4 గ్రాములు తగ్గింది. నేను కాగితం మీద లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. నాన్న నా వంక చూసి, "యాసిడ్ కాస్త మిగిలిపోయుంటుంది, అది రాగిని తినదూ?" అని ఫ్యాను వేశాడు.