పలాసలో ఒక డిస్కు, హైదరాబాదులో దాని జత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. నేను శ్రీకాకుళంలో ఉంటూ పలాసలోని ఒక జీడిపప్పు వ్యాపార సంస్థకు సర్వర్ల నిర్వహణ చూస్తున్నాను. దారికి అడ్డంగా పడిన చెట్లు తొలగించాక మూడో రోజు అక్కడికి చేరుకునేసరికి, కప్పు రేకులు రెండు లేచిపోయి, సర్వరు గది గోడ మీద నీరు చారలు కట్టి ఉంది. ఉద్దానం రైతుల దగ్గర కొన్న పిక్కల బస్తాల లెక్కలు, వారికి ఇచ్చిన అడ్వాన్సులు, ఇంకా ఇవ్వవలసిన బాకీలు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. షావుకారు గారు నన్ను చూడగానే, "బాబూ, మన లెక్కలు ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగారు. కరెంటు లేనందువల్ల ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు మరి ఆరు రోజులు పట్టింది. డిస్కులు బతికే ఉన్నాయి. కానీ ఆ ఆరు రోజులూ, జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగిన రైతులు తమకు రావలసిన డబ్బు ఎంతో కనుక్కోవడానికి వచ్చి, ఊరికే తిరిగి వెళ్లారు. రెండో సర్వరు పెట్టాలని నేను నిశ్చయించుకున్నది అప్పుడే.

అంతకుముందు మాకు రక్షణ లేకపోలేదు. రెయిడ్ 1 పద్ధతిలో రెండు డిస్కులు ఒకేలా రాసుకునేవి. రోజూ రాత్రి ఒక బయటి డిస్కులోకి బ్యాకప్ వెళ్లేది. అయితే ఆ రెండు డిస్కులు ఒకే పెట్టెలో, ఆ బయటి డిస్కు అదే గది బీరువాలో ఉండేవి. డిస్కు చెడిపోతే ఆదుకునే ఏర్పాటు అది. గదే మునిగితే దానివల్ల ఉపయోగం లేదు.

రెండో సర్వరును ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న. దగ్గరగా ఉంటుందని విజయనగరం అనుకున్నాం. కానీ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరాన్ని, శ్రీకాకుళాన్ని కూడా ఊపేసింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలి దృష్టిలో ఈ తీరమంతా ఒకే ఊరు. అందువల్ల హైదరాబాదును ఎంచుకున్నాం. ఆ నిర్ణయమే తరువాతి నిర్ణయాలన్నిటినీ శాసించింది.

డిస్కును నకలు చేయడానికి మేము వాడినది డీఆర్‌బీడీ అనే సాఫ్ట్‌వేరు. ఇది 2010లో వచ్చిన 2.6.33 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, ఉంది. ఫైళ్లతో దీనికి సంబంధం లేదు. డిస్కు మీద రాసే ప్రతి బ్లాకును, అంటే ప్రతి డేటా ముక్కను, నెట్‌వర్కు ద్వారా అవతలి యంత్రపు డిస్కు మీద కూడా రాస్తుంది. ఇందులో ప్రోటోకాల్ సి ఎంచుకుంటే, అవతలి డిస్కు రాసుకున్నానని చెప్పే వరకు ఇక్కడి రాత పూర్తయినట్టు కాదు. ప్రోటోకాల్ ఎ అయితే, ఇక్కడి డిస్కు మీద రాసి, పంపవలసిన డేటాను ఇక్కడి టీసీపీ బఫరులో, అంటే లైను మీదకు వెళ్లే ముందు డేటా వేచి ఉండే చోట, వేస్తే చాలు. పలాస నుంచి హైదరాబాదుకు మా లైనులో పోయి రావడానికి సుమారు 25 మిల్లీసెకన్లు పడుతోంది. సి పద్ధతిలో పదివేల ఎంట్రీలను ఒక్కొక్కటిగా కమిట్ చేస్తే (డిస్కు మీద ఖాయం చేస్తే), కేవలం ఎదురుచూపుకే నాలుగు నిమిషాలకు పైగా పోతుంది. సీజనులో తూకం దగ్గర రైతులు వరుసలో నిలబడి ఉండగా అది కుదరదు. కాబట్టి ఎ పెట్టాం. యంత్రం హఠాత్తుగా పోతే చివరి కొన్ని ఎంట్రీలు దక్కకపోవచ్చని షావుకారు గారికి ముందే కాగితం మీద రాసి ఇచ్చాను. ఈ సంగతి యజమానికి ముందుగా చెప్పకపోవడం తప్పని నా అభిప్రాయం.

తొలి నకలు మరో చిక్కు. 300 జీబీల డేటాను 20 ఎంబీపీఎస్ లైను మీద పంపితే, లైను మొత్తం దానికే ఇచ్చినా 33 గంటలు పడుతుంది. అందుచేత రెండు సర్వర్లను పలాసలోనే ఒకే బల్ల మీద పెట్టి, మధ్య ఒక కేబులు కలిపి, గంటలోపు సింక్ (రెండు డిస్కులనూ ఒకేలా చేయడం) ముగించాం. స్టేటస్‌లో రెండు వైపులా 'అప్‌టుడేట్' అని కనిపించాక, రెండోదాన్ని ఆపి, దుప్పటిలో చుట్టి, రైల్లో కింది బెర్తు కిందకు తోసి, దానికి కాళ్లు ఆనించుకుని సికింద్రాబాదు వరకు తీసుకెళ్లాను. ఈలోగా పలాసలో ఏయే బ్లాకులు మారాయో డీఆర్‌బీడీ నాలుగు కేబీలకు ఒక బిట్ చొప్పున గుర్తు పెట్టుకుంది. ఐపీ అడ్రసులు మార్చి, ఇంటర్నెట్ మీద డేటాను గోప్యంగా పంపే వైర్‌గార్డ్ సొరంగం మీదుగా కలపగానే ఆ మారినవి మాత్రమే వెళ్లాయి.

ఇక్కడ చాలామంది గమనించని ప్రమాదం ఒకటుంది. లైను తెగి మళ్లీ కలిసినప్పుడు, మారిన బ్లాకులు రాసిన క్రమంలో వెళ్లవు. డిస్కు మీద ఉన్న వరుసలో వెళ్తాయి. ఆ సింక్ ముగిసేదాకా అవతలి డిస్కు 'ఇన్‌కన్సిస్టెంట్' స్థితిలో, సగం నిన్నటిది, సగం నేటిది అన్నట్టుగా ఉంటుంది. దాని మీద డేటాబేసు లేవదు. తుఫాను వేళ లైను పోతూ వస్తూ ఉంటుంది. అలా వచ్చిన కాసేపట్లోనే పలాస సర్వరు నీటిపాలైతే, నకలు ఉండి కూడా లేనట్టే. దీనికి విరుగుడుగా, సింక్ మొదలయ్యే ముందే అవతలి వైపు ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచే నకలు) తీసేలా హ్యాండ్లరు, అంటే దానంతట అదే నడిచే స్క్రిప్టు, అమర్చాం. సింక్ మధ్యలో ఆగితే, కనీసం లైను తెగిన క్షణం నాటి లెక్కలైనా చెక్కుచెదరకుండా దొరుకుతాయి.

స్ప్లిట్ బ్రెయిన్‌ను, అంటే రెండు యంత్రాలూ ఎవరికి వారే అసలు అనుకుని వేర్వేరుగా రాసుకునే స్థితిని, కూడా చూశాం. ఒక మధ్యాహ్నం లైను తెగితే, పలాస సర్వరే పోయిందనుకుని హైదరాబాదులోని మా కుర్రవాడు అక్కడి యంత్రాన్ని ప్రైమరీ (పని జరిగే అసలు యంత్రం) చేసి బిల్లులు కొట్టడం మొదలుపెట్టాడు. పలాసలో పని యథావిధిగా సాగుతూనే ఉంది. లైను వచ్చాక కెర్నెల్ లాగ్‌లో 'స్ప్లిట్-బ్రెయిన్ డిటెక్టెడ్, డ్రాపింగ్ కనెక్షన్' అన్న వరుస కనిపించింది. రెండు డిస్కులూ వేటికవే నిలబడిపోయాయి. డీఆర్‌బీడీ రెండిటినీ కలపదు, ఒకదాన్ని వదులుకోవాలి. హైదరాబాదు డేటాబేసును ముందు డంప్ తీసుకుని (ఒక ఫైలులోకి దించుకుని), తరువాత ఆ యంత్రాన్ని సెకండరీ (నకలు మాత్రమే ఉంచుకునే యంత్రం) చేసి, 'డిస్కార్డ్-మై-డేటా' (నా డేటా వదిలేయి) అన్న ఆదేశం ఇచ్చి కలిపాను. అక్కడ కొట్టిన పద్నాలుగు బిల్లులను ఇక్కడ చేత్తో ఎక్కించుకున్నాం. అప్పటినుంచి, పలాస ఆఫీసుకు ఫోను చేసి, అక్కడి సర్వరు ఆపి ఉందని ఒక మనిషి నోట విన్న తరువాతే హైదరాబాదును ప్రైమరీ చేయాలన్నది మా నియమం. ఎవరూ ఫోను ఎత్తకపోతే నిర్ణయం నాదే. దీన్ని స్వయంచాలకంగా చేయించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. రెండే యంత్రాలు, మధ్య ఒకే లైను ఉన్నచోట వాటిని నేను నమ్మను.

రాత్రి బ్యాకప్‌ను మాత్రం మానలేదు. ఎవరైనా పొరపాటున ఒక టేబులు చెరిపేస్తే, ఆ చెరిపివేత కూడా క్షణాల్లో హైదరాబాదు చేరుతుంది.

ఏటా సెప్టెంబరు చివరి ఆదివారం పలాస సర్వరును కావాలనే ఆపి, రోజంతా హైదరాబాదు యంత్రం మీద పని చేయిస్తాం. మొదటిసారి ఎకౌంట్స్ ప్రోగ్రాం తెరుచుకోవడానికి రెండు గంటలు పట్టింది, ఎందుకంటే లైసెన్సు ఫైలు నకలు కాని డిస్కు మీద ఉంది. కిందటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. షావుకారు గారు వచ్చి పక్కన కూర్చుని, ఒక రైతు పేరు చెప్పి బాకీ ఎంతో చూడమన్నారు. తెర మీద వచ్చిన అంకెను తన చిట్టా పుస్తకంతో సరిచూసుకుని, ఇంకో పేరు చెప్పారు.