తాళంచెవి లేకుంట తాళం

మా అమ్మ దృష్టిల నాకిప్పుడు దొంగబుద్ధి పుట్టింది. రాత్రి బువ్వ తిన్నంక అరుగు మీద తాళంకప్ప పట్టుకొని కూసుంటున్న మరి, తాళంచెవి లేకుంట తీసుడు నేర్చుకోనీకి.

నల్లగొండ ప్రకాశం బజార్ల తాళం అడిగితే లోపల పిన్నులు గాక పలకలుండే లీవర్ తాళాలే ముందర పెట్టిండు. "ఇవి గాదన్నా, పిన్నులది ఇయ్యి" అని తెచ్చుకున్న. కొత్తగ నేర్చుకునేటోళ్లకు అదే అల్కగ ఉంటది. లోపల ఒక్కో పిన్ను రెండు ముక్కలు, మీద స్ప్రింగు. ముక్కలు కలిసే చోటు అన్నిటికీ ఒకే గీత మీదికొస్తేనే తాళంచెవి పెట్టే సిలిండర్ తిరుగుతది. 1861ల అమెరికాల లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న తాళం కూడ ఈ తీరుదే.

కిటుకంతా ఎడమచేతిలనే ఉంది. వంచిన సన్న ఇనుప పట్టీతోని సిలిండర్‌ను కొంచెం, శాన కొంచెం, తిప్పి పట్టాలె. బలం పెడితే పిన్నులన్నీ బిగుసుకపోతయ్. కుడిచేతి కొక్కెంతోని తడుముకుంట పోతే ఒకటి గట్టిగ తగుల్తది. దాన్ని మెల్లగ లేపితే 'టిక్' మంటది. చెవుల కన్న ముందు వేళ్లకే తెలుస్తది. సిలిండర్ ఇసుమంత కదుల్తది. మళ్ల ఇంకోటి.

1851ల లండన్‌ల హాబ్స్ అనే అమెరికాయన బ్రామా కంపెనీ తాళం తాళంచెవి లేకుంట తీయనీకి 16 రోజులల్ల 51 గంటలు కూసున్నడు. ఏం ఓపికనో!

సొంతంగ కొన్న తాళాలే ముట్టుకుంట, తలుపుకు వేసింది అస్సలు ముట్ట. లోపల పాడైతే బయటనే పండాలె. నిన్న పక్కింటత్త బీరువా తాళంచెవి పోయిందని పిలిచింది. "అది లీవర్‌ది అత్తా, నాతోని కాదు" అన్న.

"మరి గీ సదువెందుకురా?" అన్నది.