ఇల్లు కొనేముందు కింద దూరి చూడండి

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్, రాలీ వైపు ఇల్లు చూసేటప్పుడు మనవాళ్ళు తూర్పు ముఖమేనా, పొయ్యి ఆగ్నేయంలో వస్తుందా అని ఆరా తీస్తారు. నేల కింద ఏముందో అడిగేవాళ్ళు తక్కువ. అక్కడ చాలా ఇళ్ళకు చుట్టూ పునాది గోడ, దానిమీద చెక్క దూలాలు, మట్టికీ దూలాలకీ మధ్య రెండు మూడడుగుల ఖాళీ ఉంటాయి. అదే క్రాల్‌స్పేస్. నీళ్ళ పైపులు, ఏసీ డక్టులు, వైర్లు అందులోంచే పోతాయి. పైపు కారితే గచ్చు పగలగొట్టే పని లేదు. అలాగని అటకలా వాడకండి: అట్టపెట్టెలు బూజు పడతాయి, డబ్బాలు తుప్పు పడతాయి.

గాలి ఆడితే తేమ ఆరుతుందని పాత ఇళ్ళలో పునాది గోడకు వెంట్లు (గాలి కంతలు) పెట్టారు. 150 చదరపు అడుగుల నేలకు ఒక చదరపు అడుగు వెంటు, ఇదీ లెక్క. అక్కడి వేసవిలో ఇదే బెడిసికొడుతుంది. బయట 90 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ 60 శాతం ఉంటే, ఆ గాలి 74 డిగ్రీలకు చల్లబడగానే నీరు కడుతుంది. డక్టు అంతకంటే చాలా చల్లన. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబులా చెమర్చి కారుతుంది. పైన దూలాల మధ్య వేడి, చలి ఆపడానికి కూరిన ఫైబర్‌గ్లాస్ దూది తడిసి, బరువెక్కి, ఊడి వేలాడుతుంది.

టార్చి వేయగానే అదే వెతకండి. తర్వాత గోడమీద తెల్లటి ఉప్పు పొర (గోడలోకి నీరు దిగుతున్న గుర్తు), పెన్సిలంత లావు మట్టి గొట్టాలు (చెదలు). దూలానికి పిన్ మీటరు (చెక్కలో తేమ కొలిచే పరికరం) గుచ్చితే 20 శాతం లోపు చూపాలి. 28 దాటితే చెక్క కుళ్ళే దారిలో ఉన్నట్టే.

మట్టిమీద ప్లాస్టిక్ పరిచేస్తే సరిపోతుందని చెప్పే కాంట్రాక్టరును నమ్మకండి. ముందు బయటి నీరు. గోడ నుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరంగుళాలు వాలాలి, చూరు నీటి గొట్టం కనీసం ఐదడుగుల అవతల వదలాలి. ఆ తర్వాతే ప్లాస్టిక్: కనీసం 6 మిల్ మందం (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), మనుషులు పాకే చోట 12 మిల్ అయితే చిరగదు. అతుకుల దగ్గర ఆరంగుళాలకు తగ్గకుండా ఒకదానిమీద ఒకటి వేసి టేపు అంటించాలి. గోడ మీదికి ఎక్కించినా పైన మూడంగుళాలు ఖాళీ వదలండి, లేకపోతే చెదలు ఎక్కినా కనిపించవు.

వెంట్లు మూసేది చివర్లో. మూశాక లోపల డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) ఉండాలి, తేమ 50 శాతం దగ్గర పెట్టి దాని నీటి గొట్టం బయటికి తీయాలి. అక్కడి గాలినే పీల్చి మండే గ్యాస్ హీటరు క్రాల్‌స్పేస్‌లో ఉంటే మాత్రం, అది మార్చేదాకా వెంట్ల జోలికి పోవద్దు. గాలి చాలక మండితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.