రెండర్ పెడితే 95 డిగ్రీలు: నా అనుభవం

పెళ్ళి వీడియోల ఎడిటింగ్ నా పని. అంబాజీపేటలో ఇంట్లోనే సిస్టమ్ పెట్టుకుని చేస్తాను. రైజెన్ 5 3600 ప్రాసెసర్, దానితో పాటు డబ్బాలో వచ్చిన చిన్న కూలర్. వైశాఖం ముహూర్తాల పని మీద పడ్డాక రెండర్ (ఎడిట్ చేసినదంతా ఒక్క వీడియోగా తయారుచేయడం) పెట్టిన కాసేపటికే ఫ్యాను హోరెత్తిపోవడం, పని నత్తనడక నడవడం, ఒక్కోసారి సిస్టమ్ టప్పున ఆగిపోవడం. టెంపరేచర్ చూస్తే 95. దాన్ని తయారుచేసే ఏఎండీ వాళ్ళు ఆ ప్రాసెసర్‌కి చెప్పిన గరిష్ఠం అదే. అక్కడికి చేరితే అది వేగం తగ్గించుకుని తనని తాను కాపాడుకుంటుంది.

ఆ అంకెలు ఫోన్లో ఫొటో తీసుకుని, సీపీయూ ఆటోలో వేసుకుని అమలాపురంలో ఒక షాపుకి వెళ్ళాను. ఒళ్ళు మండింది అక్కడే. కౌంటర్లో అతను ఫొటో వైపు చూడనైనా లేదు. "ఇంట్లో సార్ ఉంటే పంపండి మేడం, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. సిస్టమ్ నాదండి, పనీ నాదే, నాకే చెప్పండి అన్నాను. "పిల్లలు గేములాడేసుంటారండి, వైరస్ పట్టేసుంటది, ఆయ్" అంటూ విండోస్ మార్చడానికి కూర్చున్నాడు. విండోస్ మొదలవకముందు వచ్చే బయాస్ తెరలోనే 70 దాటి చూపిస్తోంది, అక్కడ విండోసే లేనప్పుడు వైరస్ ఎక్కడిదండీ అని అడిగాను. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. "అవన్నీ మీకు తెలియవు మేడం." పదిమంది కస్టమర్ల ముందు ఆ మాట! ఈ చుట్టుపక్కల కెమెరా పట్టిన కుర్రాళ్ళలో చాలామంది ఎడిటింగ్ నేర్చుకున్నది నా పక్కన కూర్చునే.

తర్వాత ఫోన్ చేసి, ప్రాసెసరూ బోర్డూ రెండూ పోయాయి, కొత్తవి వేయించుకోండి అన్నారు. వెళ్ళి చూస్తే పక్క పలక స్క్రూల మీద దుమ్ము కదల్లేదు. విప్పి చూడకుండానే పోయాయని తేల్చేశారు! పైగా చెకింగ్ చార్జీ, విండోస్ చార్జీ కట్టందే సిస్టమ్ ఇవ్వమన్నారు. అవతల పెళ్ళివారి ఫోన్లు. కట్టి తెచ్చేసుకున్నాను. బిల్లు మాత్రం అడిగి రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. కళ్ళెదుట పలక విప్పని షాపులో సిస్టమ్ వదిలిపెట్టకండి.

ఇంటికొచ్చి విప్పితే కూలర్ రేకుల సందుల్లో కొబ్బరి పొట్టు అట్ట కట్టేసి ఉంది. మా వీధి చివర పీచు మిల్లు ఉంది. గాలి దూరే దారే లేదు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్టు ఎండి సుద్దలా రాలింది. దుమ్ము దులిపి, కొత్త పేస్టు పూస్తే 87కి దిగింది. మా ఎండల్లో అది చాలదు. కూలర్ ఎంత మంచిదైనా గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. రోహిణి కార్తెలో గది వేడెక్కితే ప్రాసెసరూ దాదాపు అంతే పైకి పోతుంది.

అందుకని డీప్‌కూల్ ఏకే400 అనే పెద్ద కూలర్ తెప్పించాను. ఎత్తు 155 మిల్లీమీటర్లు, కొనేముందు మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలవండి. పాత కూలర్ తీసేముందు సిస్టమ్ కాసేపు నడిపి పేస్టు మెత్తబడనివ్వాలి, ఆ తర్వాత ఆపి, ప్లగ్గు పీకి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, గట్టిగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. బోర్డు కింద కూలర్ స్క్రూలు పట్టే బ్యాక్‌ప్లేట్ జారిపోకుండా మా ఆడపడుచు కొడుకు పట్టుకున్నాడు. మిగతాది తేలికే.

ఇప్పుడు అవే వీడియోలు మిట్టమధ్యాహ్నం రెండర్ పెట్టినా 75 దాటడం లేదు, బోర్డూ అదే, ప్రాసెసరూ అదే. ముందు ఫ్యాను గాలి లోపలికి లాగేలా, వెనక ఫ్యాను బయటికి తోసేలా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. గదిలో పెట్టుకునే నీళ్ళ కూలర్ గాలి మాత్రం సిస్టమ్ వైపు తిప్పకండి, మన కోనసీమ గాలిలో ఉన్న తేమే ఎక్కువ. మిల్లు దుమ్ము ఉన్నవాళ్ళు నెలకోసారి బ్లోయర్ కొట్టండి, కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా రెక్క వేలితో పట్టుకోండి.