ఏ పద్దులో రాయాలి

ఆదివారం. పొద్దున్నే మోటారు కాలిపోయింది. కూకట్‌పల్లిలో నీళ్ళ ట్యాంకర్ అరగంటలో వస్తానందంటే రెండు గంటలని అర్థం. మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తుంటే ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ నుంచి మేనల్లుడి ఫోను. నైట్ షిఫ్ట్ చేసి అప్పుడే రూముకొచ్చాట్ట.

"మావయ్యా, మా ఇంటి ఓనరు కూడా యూరోపియన్ యూనియన్ వద్దనే ఓటేశాడట" అని నవ్వుతున్నాడు.

ఆ ఊళ్ళో 1986 నుంచీ నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది. కార్లు ఎక్కువగా పోయేది యూరప్‌కే. అయినా 2016లో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని బ్రిటన్ అంతా ఓటు పెడితే, అక్కడ నూటికి 61 మంది బయటికే మొగ్గారు. అదే స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండిపోదామన్నారు. నష్టపోతారని తెలియదా అని వీడు అడిగితే, "1988లో మా ఓడల యార్డులు మూసేసినప్పుడు మా నష్టం ఎవరు లెక్కేశారు?" అన్నాడట ఆ పెద్దాయన.

ఈ మాట నేనెక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, ఈ మెట్ల మీదే.

2013లో పై ఫ్లోర్ నల్గొండ సారుకి రాష్ట్రం విడిపోతే ఆదాయం ఏమవుతుందో, హైదరాబాద్ ఎలా పడిపోతుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. మాది భీమవరం, లెక్కలు బాగా వచ్చని నమ్మకం. ఆయన అంతా విని, "లెక్కలు బాగనే ఉన్నయ్ సారూ. మా ఊర్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర వోయినోళ్లను ఏ పద్దుల రాస్తరు?" అన్నాడు.

నా దగ్గర పద్దు లేదు. టెన్షన్ మాత్రం ఉంది. ఆ జూలై 30న ఢిల్లీలో నిర్ణయం వచ్చాక, నెల తిరక్కుండా మియాపూర్ ప్లాటు వచ్చిన రేటుకి అమ్మేశాను. ఇప్పుడు మెట్రో మియాపూర్ చేరేసరికి మా ఆవిడ కిటికీలోంచి చూసి ఊరుకుంటుంది. తిట్టినా బాగుండును.

అయినా బ్రిటన్ బయటికి రావడం, మన రాష్ట్రం విడిపోవడం రెండూ ఒకటి కాదు. మనకి రూపాయి ఒకటే. సంక్రాంతికి విజయవాడ రోడ్డులో పంతంగి దగ్గర బండ్లు బారులు తీరేది టోల్ కోసమే. బ్రిటన్‌లో 2021 నుంచి యూరప్‌కి సరుకు పంపాలంటే కస్టమ్స్ కాగితాలు కావాలి. బయటికి రావడం వల్ల ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ ప్రభుత్వ బడ్జెట్ అంచనాల సంస్థే అంటోంది. రాజధాని పోగొట్టుకున్న మా వైపు వాళ్ళ బాధకి అలాంటి శాతం కూడా లేదు. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరిన రోజున భీమవరంలో అన్నయ్య ఫోన్ చేసి వాతావరణం గురించే మాట్లాడాడు.

ట్యాంకర్ వచ్చింది. నల్గొండ సారు అందరికన్నా ముందే బిందెతో నిలబడి డ్రైవర్ని అడుగుతున్నాడు, "కృష్ణా నీళ్లేనా?"

"బోరు నీళ్లు సార్."

ఆయన బిందె పట్టుకుని వెనక్కి జరిగాడు.