నూరా నది చూద్దామని వెళ్తే ట్యాక్సీకే తడిసి మోపెడైంది

కజకిస్తాన్‌లోని కరగండలో మెడిసిన్ చదువుతున్న మా తమ్ముడి దగ్గరికి మే నెలలో వెళ్లాను. ఈ దేశం వెళ్లినవాళ్లంతా అల్మాటీ కొండలు చూసొస్తారు, మనం ఇక్కడి నూరా నది వెంట పోదాంరా అంటే "అక్కా, అది నదేంటి, కాలువ" అని తీసిపారేశాడు. కరగండ పక్కనున్న తెమిర్‌తావ్ ఊళ్లో చూశాక నాకూ నీరసం వచ్చింది. అక్కడ నదికి అడ్డం కట్టి సమర్కంద్ రిజర్వాయర్ చేశారు, పక్కనే స్టీల్ ఫ్యాక్టరీ పొగగొట్టాలు. సోవియట్ కాలంలో ఇక్కడి సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీ పాదరసం కలిసిన నీళ్లను ఏళ్ల తరబడి ఇదే నదిలోకి వదిలింది, తర్వాత ఆ బురద తీయించడానికి ప్రపంచ బ్యాంకు అప్పు తేవాల్సి వచ్చింది.

నది చివర ఎలా ఉంటుందో చూద్దామని రాజధాని అస్తానా నుంచి కొర్గల్జిన్ అనే ఊరికి బయల్దేరాం, 130 కిలోమీటర్లు. ట్యాక్సీ పెద్దాయన ఒక రేటుకి ఒప్పుకుని, సగం దారిలో బండి ఆపి, ముందు మట్టిరోడ్డు అంతా బురద, ఇంకా ఇవ్వాలన్నాడు. మా తమ్ముడు వచ్చీరాని రష్యన్‌లో గొడవ పెట్టుకున్నాడు. చుట్టూ గడ్డి తప్ప మనిషన్నవాడు లేని చోట ఎవరు గెలుస్తారు? ఇచ్చాం. డబ్బు జేబులో పడగానే ఆయనకు ఎక్కడలేని ప్రేమ పుట్టి, ఫ్లాస్కులో పాల టీ, నూనెలో వేయించిన బౌర్సాక్‌లనే పిండి ఉండలు తీసి పెట్టాడు. కోపంగానే తిన్నాను, బాగున్నాయి.

పక్కనే నూరా మెలికలు తిరుగుతూ, రెల్లు మధ్యలో, పారుతోందా ఆగిందా అన్నట్టుంది. "ఏప్రిల్‌లో వచ్చుంటే ఇక్కడ నిలబడేవాళ్లు కాదు" అన్నాడాయన. మంచు కరిగే వేళకి కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు ఇంకవు, అన్నీ ఒక్కసారిగా నదిలోకే వచ్చి పడతాయి. ఏడాది నీళ్లలో ఎక్కువ భాగం ఆ కొన్ని వారాల్లోనే వెళ్లిపోతుందట. దాదాపు 980 కిలోమీటర్లు నడిచిన నది చివరికి ఏ సముద్రంలోనూ కలవదు. కొర్గల్జిన్ మంచినీటి చెరువుల్లోంచి తెంగిజ్ అనే ఉప్పు సరస్సులోకి చేరుతుంది, అక్కణ్నుంచి బయటికి దారి లేదు, ఎండకి ఆవిరైపోవడమే.

కొర్గల్జిన్‌లో పర్మిట్‌కి ఒక డబ్బు, గైడుకి ఇంకో డబ్బు. 2008లో యునెస్కో జాబితాలోకెక్కిన అభయారణ్యం కదా, తప్పదు. సణుక్కుంటూ వెళ్లి తెంగిజ్ ఒడ్డున దిగితే దూరంగా నీళ్ల మీద గులాబీ రంగు చార. ఫ్లెమింగోలు! మాది సూళ్లూరుపేట, పులికాట్‌లో చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. ఆ ఉక్కపోత చోట ఉండే పిట్టలనుకున్నవి ఇక్కడ, చలికాలంలో మైనస్ ముప్పై దాటే స్టెప్పీ గడ్డి మైదానంలో, గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. ఫ్లెమింగోలు సహజంగా గుడ్లు పెట్టే చోట్లలో బాగా ఉత్తరాన ఉన్నవాటిలో ఇదొకటని గైడు చెప్తే, మా తమ్ముడు ఫోన్ తీసి అమ్మకి వీడియో కాల్ చేయబోయాడు. సిగ్నల్ లేదు.

వెళ్లేవాళ్లు బైనాక్యులర్స్ మర్చిపోకండి, పక్షులు ఒడ్డుకి చాలా దూరం. ట్యాక్సీ మాట్లాడేటప్పుడు మట్టిరోడ్డు రేటు కూడా ముందే తేల్చుకోండి.