స్పైడర్ ప్లాంట్ కొసలు మాడితే నాకు డిజైన్ దొరికింది

మూడు వారాలు గ్రాఫ్ పేపర్ ముందల పెట్టుకోని కూసున్న, ఒక్క గడి గుడ సక్కగ నింపలే. నా పని మీలో కొంతమందికి తెల్వదేమో, నేను చిటికి చీరలకు డిజైన్లు గీస్త, బయటోళ్ళు పోచంపల్లి ఇక్కత్ అంటరు కదా అదే. నేసేముందే నూలును డిజైన్ ప్రకారం కట్టి రంగుల ముంచుతరు, కట్టినకాడ రంగు పట్టదు. మాది చండూరు దిక్కు, మా నాన్న మగ్గం నేస్తడు, నేను పెండ్లయి నల్గొండ వచ్చినంక ఇంట్లనే కూసొని గీసి నాన్నకు ఫోన్ల పంపిస్త. మా చీరలు తీసుకునే షాపాయన ఈసారి "అవే ఏనుగులు, అవే చిలకలు, అవే డైమండ్లు, ఏమన్న కొత్తది పట్టుకరా అమ్మా" అన్నడు. ఆయనదేం పోయింది, అన్నడు ఊకున్నడు.

గప్పుడే ఒకామె యూట్యూబ్‌ల మొక్కలు పెంచితే మనసు తేటగైతది, ఐడియాలు వాటంతట అవే వస్తయ్ అని చెప్తుంటే సరే చూద్దాం అని నర్సరీకి పోయిన. మేముండేది కిరాయి ఇల్లు, రెండో అంతస్తు, బాల్కనీ అంటే ఒక మంచం ఏస్తే నిండిపోయేంత జాగ. అండ్లనే ఒక స్నేక్ ప్లాంట్, రెండు క్రోటన్లు, మనీ ప్లాంట్, ఒక స్పైడర్ ప్లాంట్, మా అత్తమ్మ కోసం ఒక తులసి. పెయింట్ డబ్బాలకు కింద బొక్కలు పెట్టి కుండీలు చేసిన, ఎండకు ఆకుపచ్చ నెట్ కట్టిన (మా దగ్గర మే నెల ఎండ సంగతి మీకు చెప్పాల్నా).

ఐడియాలు మాత్రం రాలే. పొద్దున లేచి చాయ్ పట్టుకోని వాటి ముందల కూసునేదాన్ని, అవి నన్ను చూస్తయ్ నేను వాటిని చూస్త. క్రోటన్ ఆకు గీసిన, అది బాగానే ఉంది గాని కర్టెన్ బట్ట లెక్క కొట్టింది. గులాబీ గీస్తే ఇంకా ఘోరం. అసలు చిటికిల గులాబీ రెక్కలు అంత నీటుగ రావు, ఎందుకంటే నూలును రబ్బరు ముక్కతోని ఎంత బిగ్గర కట్టినా (సైకిల్ ట్యూబు కోసి కడ్తరు మావోళ్ళు) ముంచినప్పుడు రంగు కొంచెం లోపటికి పాకుతది, అంచు ఎప్పుడైనా జర చెదిరినట్టే ఉంటది, అదే దాని అందం. నీటుగ కావాల్నంటే ప్రింట్ చీర కొనుక్కోవాలె.

ఇగ నెల తిరగకముందే స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడుడు షురువైంది. ముందు ఒక ఆకు, తర్వాత అన్నీ. నీళ్ళు తక్కువైనయేమో అని ఎక్కువ పోసిన, ఇంకా మాడినయ్. ఎక్కువైనయేమో అని తగ్గించిన, ఏం ఫరక్ పడలే. కత్తెర తీసుకోని మాడిన కొసలు కట్ చేస్తే రెండు రోజులు మంచిగ కనబడి మళ్ళ అదే కథ, పైగ కట్ చేసిన ఆకు ప్లాస్టిక్ ఆకు లెక్క మొండిగ ఉంటది. పక్కన స్నేక్ ప్లాంటేమో ఏం కానట్టు నిలబడి ఉన్నది.

అప్పుడు వెతుకుతే తెలిసింది, స్పైడర్ ప్లాంట్, డ్రసీనా అసోంటి వాటికి ఫ్లోరైడ్ పడదంట. వేర్లు నీళ్ళతోటి ఫ్లోరైడ్‌ను గుంజుకుంటయ్, నీళ్ళు ఆకుల నుంచి ఆవిరైపోతయ్, ఫ్లోరైడ్ పోదు, అది ఆకు కొసకు చేరి అక్కడనే జమైతది, జమై జమై ఆ కొసను చంపుతది. ఉప్పు నీళ్ళైనా ఇట్లనే మాడుతదంట, మా బోరుల రెండూ ఉన్నయ్. రాత్రి బకెట్ల పట్టి పొద్దున పోయమని చాలామంది చెప్తరు కదా, దానికి పోయేది క్లోరిన్, ఫ్లోరైడ్ పోదు. మరగపెట్టినా పోదు, నీళ్ళు తగ్గి ఇంకింత చిక్కనైతది.

నేను చేసిన ఘనకార్యం వింటే నవ్వుతరు. మా ఇంట్ల వాడుకకు బోరు నీళ్ళే, తాగుటానికి ఆర్వో మిషన్. ఆ మిషన్ పైపు నుంచి బయటికి వచ్చే నీళ్ళు వేస్ట్ ఎందుకు చెయ్యాలె, మంచి బుద్ధిమంతురాలిని కదా, బకెట్ల పట్టి రోజూ మొక్కలకే పోసిన. మనం తాగే నీళ్ళల్ల నుంచి తీసేసిన ఫ్లోరైడ్, ఉప్పు అంత ఆ బకెట్ల ఉంటది! బోరు నీళ్ళ కంటే ఎక్కువ. రెండు నెలలు మందు పోసినట్టు పోసిన.

నల్గొండ పిల్లను, ఫ్లోరైడ్ గురించి నేను నెట్ల చూసి తెలుసుకునుడేంది అని నాకే సిగ్గైంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని మాకు బడిల చెప్పిన్రు, ఆ లెక్క ఇప్పటికీ నోటికొస్తది. మా నాయనమ్మ చిన్నప్పటి నుంచి ఊర్ల ఆ ఫ్లోరైడ్ నీళ్ళే తాగింది. ఆమె పండ్ల మీద గోధుమ రంగు చారలు ఉండె, అందుకే నవ్వినప్పుడల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, మేము అది సిగ్గు అనుకునేటోళ్ళం. ముసలితనం రాకముందే నడుము వంగింది, మోకాళ్ళు మడవరాకపోయేది. అయినా ఆసు ఆమెనే పోసేది. ఆసు అంటే పేక నూలును (అడ్డం నేసే నూలు) మేకుల చుట్టు అటు ఇటు తిప్పుకుంట పోవుడు, ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరగాలె. ఆలేరు దిక్కు మల్లేశం గారు వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక లక్ష్మీ ఆసు మిషన్ తయారుచేసిండు, 2017ల పద్మశ్రీ గుడ వచ్చింది ఆయనకు. ఆ మిషన్ మా ఇంటికొచ్చే నాటికి నాయనమ్మ లేదు.

ఇవన్నీ యాదికొచ్చినంక మళ్ళ కత్తెర పట్టబుద్ధి కాలే. ఆ రోజు సాయంత్రం ఒక మాడిన ఆకును వేలి మీద పెట్టుకోని మొదటిసారి సక్కగ చూసిన. నడిమిట్ల తెల్ల చార, రెండు దిక్కుల ఆకుపచ్చ, కొసకు గోధుమ రంగు, ఇంతవరకు అందరికి కనబడేదే. కానీ పచ్చకు గోధుమకు నడుమ ఒక సన్నటి పసుపు గీత ఉంది. పచ్చిగ ఉన్న దిక్కు కలువదు, మాడిన దిక్కు కలువదు. అది నేను ఇన్ని రోజుల నుంచి కట్ చేసి పారేస్తున్న ముక్కల్ల ఉన్నది.

గ్రాఫ్ పేపర్ తెచ్చుకోని కూసుంటే రాత్రి పదకొండు అయింది. మా ఆయన అన్నం పెట్టుకోని తిని పండుకున్నడు. గమ్మతేందంటే ఆ ఆకు రంగులు మా అద్దకం వరసల సరిగ్గ కూసున్నయ్. ముందు తెల్ల చార కట్టెయ్యాలె, మొత్తం పసుపుల ముంచాలె. తర్వాత పసుపు గీత కట్టి నీలంల ముంచితే మిగిలిందంత పచ్చ అయితది. ఆ పచ్చ ఆకును కట్టేసి ఎరుపుల ముంచితే, పచ్చ మీద ఎరుపు పడి మిగిలింది కాఫీ రంగుకు తిరుగుతది. అంటే మాడిన కొస రంగు, బట్ట నేల రంగు (డిజైన్ వెనకాల ఉండే రంగు) రెండూ ఒకటే! ఆకు మొదలు కనబడ్తది, కొస ఎక్కడ అయిపోయిందో కనబడదు, బట్టల కలిసిపోతది. ఇది నేను ఆలోచించి చేసింది కాదు, వరస రాసుకుంట పోతుంటే బయటపడ్డది.

పసుపు గీతకు రెండు గడులు ఇచ్చి నాన్నకు పంపిన. పొద్దుగాలనే ఫోన్ చేసిండు. "రెండు గడులు ఏడ ఆగుతయ్ బిడ్డా, రెండు దిక్కుల నుంచి రంగు పాకి మింగేస్తది, నాలుగు పెట్టు" అన్నడు. నాలుగు పెడితే నేసినంక గీత తెగి తెగి చుక్కలు చుక్కలుగ వచ్చింది. నేను గీసిన దాని కంటే అదే బాగుంది. చీర వరకు పోలే, ముందు ఒక్క దుపట్టా నేసిన్రు. నాయనమ్మ సంగతి నాన్నకు చెప్పలే. ఆయన గుడ ఇదేం ఆకు అని అడగలే.

షాపాయనకు చూపిస్తే "ఎండిపోయిన ఆకులు ఎవరు కప్పుకుంటరమ్మా" అన్నడు. రంగు మాత్రం బాగుందంట, ఉంచిపొమ్మన్నడు, చూద్దాం అన్నడు. ఆయన చూద్దాం అంటే కాదు అని కాదు, అవును అని గుడ కాదు.

మొక్కల సంగతి చెప్పాలె కదా. ఆర్వో వేస్ట్ నీళ్ళు ఇప్పుడు బాత్రూం కడుగుటానికి పోతున్నయ్. మున్సిపల్ నల్ల వచ్చినప్పుడు పానగల్లు ఉదయ సముద్రం నుంచి వచ్చే కృష్ణా నీళ్ళు రెండు డబ్బాలు పట్టి పెడ్త, వాన పడితే బకెట్లన్నీ బయటనే. స్పైడర్ ప్లాంట్ మట్టి మొత్తం మార్చిన. నర్సరీల ఇచ్చిన సూపర్ ఫాస్ఫేట్ గుడ ఆపేసిన, అండ్ల గుడ కొంత ఫ్లోరైడ్ ఉంటదంట. మాడిన ఆకు మళ్ళ పచ్చగ కాదు గాని కొత్తగ వచ్చేటివి కొస దాక పచ్చగనే వస్తున్నయ్, తీగకు నాలుగు పిల్లలు గుడ ఏసింది.

ఆ నాలుగు పిల్లల్ల మూడింటికి వాన నీళ్ళే. ఒక్కదానికి మాత్రం ఇంకా బోరు నీళ్ళు పోస్తున్న. మొన్న మా ఆయన చూసి "తెలిసి తెలిసి దాన్ని ఎందుకు చంపుతున్నవ్" అని గట్టిగనే అడిగిండు. నిజమే, ఏం చెప్పాలె? చీర చేస్తే దాని కొంగుకు ఇంకా డిజైన్ గీయాలె, దానికి కొస కొంచెం కొంచెం మాడుకుంట వచ్చే వరస కావాలె, రోజుకొక ఫోటో తీస్తున్న. ఇంకొక్క వారం. కొంగు అయిపోనీ, దాన్ని గుడ మార్చేస్త.